కొండదారికి పాత జీపు

ఈ పత్రికలో ఊరగాయలను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు, నోములను గూర్చియు సోదరీమణులు వ్రాయుచుండగా, మేము జీపును గూర్చి వ్రాయబూనుట కొందఱికి వింతగా తోపవచ్చును. కాని గృహమునకు పనికివచ్చు వస్తువేదియు గృహిణికి పరాయిది కాదు. ఇంటింట బండియు ఎడ్లును ఉన్న దినములలో ఇరుసునకు కందెన ఎప్పుడు వేయవలెనో ఎఱుగని ఇల్లాలు ఉండెనా? రథపు ఇరుసు శీల ఊడినప్పుడు కైకేయీదేవి తన చేతినే అడ్డుపెట్టి దశరథుని కాపాడెనని పురాణ కాలక్షేపములలో వినుచున్నాము. వాల్మీకి ఈ ముక్క చెప్పలేదు. మూర్ఛిల్లిన భర్తను ఆమె యుద్ధభూమినుండి తప్పించి కొనిపోయెనని మాత్రమే ఆయన చెప్పెను. ఏది యెట్లున్నను ఆమెకు రథము సంగతి తెలియుననుట నిశ్చయము. తరువాత అడిగిన వరముల మాట వేఱు.

మా వారు అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరునకు ఎగువనున్న ఒక కొండగ్రామమున బడిపంతులుగా నున్నారు. తారుదారి మా యూరికి 11 కిలోమీటర్ల దూరముననే ఆగిపోవును. అటుపైన ఎఱ్ఱమట్టి బాట, రెండు గెడ్డలు, కాఫీతోట అంచున పోవు ఏటవాలు త్రోవ. వేసవిలో మోటారుసైకిలు చాలును. ఆషాఢము మొదలు కార్తికము వఱకు ఆ మట్టి వెన్నవలె జారును. కొండలలో ప్రసవవేదన పడు స్త్రీని డోలీ కట్టి మోసికొనివచ్చుటను గూర్చి సోదరీమణులు వార్తాపత్రికలలో చదివియే యుందురు. డోలీ యనగా పల్లకి కాదు. ఒక దుంగకు దుప్పటిని ఊయలవలె కట్టి మనుష్యులు భుజములపై మోయుట. 2005లో వచ్చిన 108 వాహనము ఎందఱికో ప్రాణదానము చేసినది గాని, దారి యున్నంత వఱకే అది రాగలదు. మిగిలిన 11 కిలోమీటర్లను గూర్చియే మా యాలోచన యంతయు.

2019లో మైదానపు ఊరి రైతు ఒకని యొద్ద, 1992లో తయారైన మహీంద్రా ఎమ్.ఎమ్. 540 జీపును 1,60,000 రూపాయలకు కొంటిమి. ఈ జీపుల వంశవృక్షము పెద్దది. 1941లో అమెరికావారు యుద్ధము కొఱకు చేసిన విల్లీసు జీపు దీనికి మూలపురుషుడు. మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన దినములలోనే మహీంద్రావారు ఆ జీపులను బొంబాయిలో కూర్చుటకు మొదలిడిరి. మా జీపులోనిది ప్యూజో అను ఫ్రెంచి సంస్థవారి నమూనాపై చేసిన 2,112 ఘన సెంటీమీటర్ల డీజిలు యంత్రము. నేటి కార్లలోని ఎలక్ట్రానిక్ పెట్టెలు దీనిలో లేవు. గట్టి ఇనుప చట్రము, ముందొకటి వెనుకొకటి ఇరుసులు, నాలుగు చక్రములకు నాలుగు కమాను కట్టలు, పైన ఱేకు తొట్టి, అంతియే. పానాల సంచియు, ఓపికయు ఉన్నచో పెరటిలోనే విప్పి బిగింపవచ్చును.

దీనికి గేరు కఱ్ఱ ప్రక్కనే చిన్న కఱ్ఱలు రెండు కలవు. ఒకటి ముందు చక్రములకు కూడ యంత్రబలమును పంపును. రెండవది వేగమును తగ్గించి బలమును సుమారు రెండున్నర రెట్లు చేయును. బరువైన బొక్కెనను ఒంటిగిలకపై కంటె జంటగిలకలపై తేలికగా లాగినట్లని తలపుడు. ఆ గేరులో జీపు మనిషి నడకకంటె మెల్లగా, నిండుచూలాలు మెట్లెక్కినట్లు, ఒక్కొక్క రాయిని చూచుకొని ఎక్కును.

మా మఱది విశాఖపట్టణమున ఇంజనీరింగు చదివినవాడు. జీపు ఇల్లు చేరిన వారమునకే వచ్చి, "వదినా, దీనిని నాలుగంగుళములు పైకెత్తించి, పెద్ద టైర్లు వేసి, ముందు ఇనుపకంచె కట్టించితిమా, ఏ కొండయైనను ఎక్కును" అనెను. పట్టణమున ఒక షెడ్డువారు ఈ పనికి లక్షకు పైగా అడిగిరట. అట్టి బండ్ల చిత్రములును చూపెను. చూచుటకు ముచ్చటగానే యుండెను. మా వారు ఏమియు ననలేదు. మేము మాత్రము, "నాయనా, అంత ఎత్తయిన పిదప అది ప్రక్కకు ఒరిగినచో?" అని యడిగితిమి. ఈ ఒక్క ప్రశ్నపై మా యింట పదునైదు దినములు చర్చ నడచెను.

నిండుబిందెను నడుమున పెట్టుకొన్నామెయు, నెత్తిన పెట్టుకొన్నామెయు పాచిపట్టిన మెట్లపై దిగుచున్నప్పుడు ఎవరు ముందు తూలుదురో మనకు ఎవరును చెప్పనక్కఱలేదు. జీపు వెడల్పు తక్కువ. దాని బరువును పైకి జరిపిన కొలది ఏటవాలు త్రోవలో ఒరిగిపోవు భయము హెచ్చును. అదియు గాక, ఒక మార్పు ఒంటరిగా రాదు. కమాను కట్టలను ఎత్తు చేసినచో ఇరుసులకు బలము చేర్చు కడ్డీ వాలు మాఱి దాని కీళ్లు త్వరగా అఱుగును. బ్రేకు రబ్బరు గొట్టములు బిగిసి లాగుకొనును. స్టీరింగు కడ్డీయు వంకరపడును. టైరు పెద్దదైనచో చక్రము ఒకమాఱు తిరిగినప్పుడు జీపు ఎక్కువ దూరము పోవును గనుక, ఆ చిన్నకఱ్ఱ ఇచ్చిన బలములో కొంత టైరే తినివేయును. ఆపుటకు బ్రేకునకు శ్రమయు హెచ్చును. ఇంటికి కొత్తకోడలు వచ్చినట్లు ఒక్కటి వచ్చినచో అందఱును సర్దుకొనవలెను.

చట్టము సంగతియు కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము, ఆర్.సి. పుస్తకములో వ్రాసిన వివరములు తయారీదారు చెప్పినవానికి భిన్నముగా నుండునట్లు బండిని మార్పరాదని చెప్పుచున్నది. సుప్రీముకోర్టు 2019 జనవరిలో ఈ మాటనే గట్టిపఱచెను. ముందు కట్టు ఇనుపకంచెలను గూర్చి కేంద్రప్రభుత్వమువారు 2017 డిసెంబరులోనే రాష్ట్రములకు వ్రాసి, అవి కూడదనిరి. గుద్దుకొన్నప్పుడు ఆ కంచె ఎదుటి పాదచారికే గాక లోపల కూర్చున్నవారికిని కీడు చేయును. ఇది విన్నపిదప మఱది కంచె మాట మానెను. టైర్ల మాట మానలేదు.

మేము డబ్బు వెచ్చించినది మొదట బ్రేకులకు. కొండ ఎక్కలేని బండి క్రిందనే నిలిచిపోవును. దిగునప్పుడు ఆగని బండి ఎక్కడకు పోవునో తలపనక్కఱలేదు. నాలుగు చక్రముల డ్రమ్ములు విప్పించి, లోపలి చిన్న సిలిండర్లు, రబ్బరు గొట్టములు క్రొత్తవి వేయించి, పాత బ్రేకు ద్రవమును పూర్తిగా తీసివేయించితిమి. ఆ ద్రవము ఉప్పువలె గాలిలోని తేమను పీల్చుకొనునట. తేమ చేరినచో పొడవైన దిగుడులో వేడెక్కి పట్టు తప్పును. తరువాత స్టీరింగు కీళ్లు. అటుపిమ్మట ఏండ్ల తరబడి బరువు మోసి చదునైన కమాను కట్టలను విప్పించి, వానికి ముందున్న వంపే తిరిగి కొట్టించి, విఱిగిన పట్టీలు రెండు మార్పించితిమి. దీనిచేతనే జీపు కొంత పైకి లేచెను. అది అదనపు ఎత్తు కాదు, పోగొట్టుకొన్న ఎత్తు. టైర్లును కొలత మార్పక, లోతైన గాళ్లున్న బురద టైర్లనే వేయించితిమి. బురదలో గాలి కొంత తీసిన యెడల టైరు సాగి నేలపై ఎక్కువ చోటు ఆక్రమించును. 28 పౌండ్ల నుండి 18కి తగ్గింతుము. అంతకు తగ్గించినచో ట్యూబు మెలిపడి మూతి తెగును. తిరిగి నింపుటకు పాదపు పంపు సీటు క్రింద ఉండును. లాగుటకు ముందొకటి వెనుకొకటి కొక్కెములు చట్రమునకే బిగించితిమి. బంపరునకు కట్టినచో బంపరే ఊడివచ్చును. మోకుతో లాగునప్పుడు దానిపై తడి గోనెపట్ట వేయవలెను. తెగిన మోకు కొరడావలె కొట్టును గాన పిల్లలను దూరముగా నుంచవలెను.

అన్నిటిలో చౌకయైనది, మాకు మిక్కిలి నచ్చినది ఇంకొకటి. ఇరుసుల నడుమ పళ్లచక్రములుండు ఇనుపగుండునకు గాలి విడుచు చిన్న రంధ్రము కలదు. ఎక్కిదిగిన వేడిలో ఆ గుండు చల్లని గెడ్డలో మునుగగానే లోపలి గాలి కుంచించుకొని నీటిని లోనికి పీల్చును. మేము కొన్న మొదటి వానకాలమున మెకానిక్కు క్రింది మర విప్పగా వచ్చినది నూనె కాదు, చిక్కని మజ్జిగ. నూనెలో నీరు కలసి చిలికినచో అట్లే యగునని వంటయింట మెలగు వారికి తెలియనిది కాదు. ఆ రంధ్రములకు సన్నని రబ్బరు గొట్టములు తగిలించి, వాని కొనలను బానెట్టు క్రింద ఎత్తున కట్టించితిమి. మూడువందల రూపాయలైనది.

లోపలి అమరిక మా వంతు. వెనుకభాగమున ఎదురెదురుగా రెండు బల్లలు. చీరకొంగుతో కొలిచి చూడగా పొడవు అయిదడుగులు నిండలేదు. పడుకొన్న మనిషి కాళ్లు ముడుచుకొనవలసినదే. ముందు ఎడమ సీటును కీలు వేయించి ముందుకు మడుచునట్లు చేయించితిమి. ఎడమ బల్లకును అట్టి కీళ్లే. అవి మడిచినచో ముందునుండి వెనుక తలుపు వఱకు ఒక పఱుపు పట్టును. సీట్ల లెక్క తగ్గలేదు గనుక ఆర్.సి. పుస్తకమునకు భంగము లేదు. నిండు గర్భిణి వెల్లకిల పడుకొనరాదు, ఎడమప్రక్కకు తిరిగి పడుకొనవలెను. కావున వీపునకు ఆనుటకు దూదిదిండును, పట్టుకొనుటకు తొట్టి అంచున నూలుపట్టీయును కుట్టి యమర్చితిమి. ఖాళీ జీపు మిక్కిలి కుదుపును; వెనుక రెండు ఇసుకబస్తాలుంచినచో కొంత మెత్తబడును. చక్రము దిగబడినప్పుడు ఆ బస్తాలే దాని క్రింద వేయుటకు పనికివచ్చును.

నీటికి మా వారు ఒక నియమము పెట్టిరి. ఒక వెదురుకఱ్ఱపై చక్రనాభి ఎత్తున గాటు పెట్టి, గెడ్డలో దిగి కొలిచి, నీరు గాటు దాటినచో ఆగవలెను. డీజిలు యంత్రమునకు నిప్పురవ్వ అక్కఱలేదు గనుక తడిసినను నడచును గాని, గాలి పీల్చు దారిన నీరు లోనికి పోయినచో లోపలి కడ్డీలే వంగును. ప్రవాహపు తోపు వేఱే. ఈ నియమము పొడిదినములలో ఎవరికైనను సులభమే.

2023 భాద్రపదములో ఒక రాత్రి పైగూడెమునుండి నలుగురు డోలీ మోసికొని మా వాకిట దించిరి. తొలిచూలు. వెంట ఆశా కార్యకర్తయు, ఆ పిల్ల తల్లియు ఉండిరి. మఱది అప్పుడు సెలవులకు వచ్చి యుండెను. జీపులో పడుకొనబెట్టి బయలుదేరితిమి. కాఫీతోట యంచున త్రోవ సగము కోసుకొనిపోయి జీపు కుడికి ఒరిగిపోయెను. మఱది ఊపిరి బిగబట్టి ఎడమ అంచున నిలిచి వ్రేలాడెను. చిన్నగేరులో ప్రాకి దాటినది. రెండవ గెడ్డయొద్ద కఱ్ఱ దింపగా నీరు గాటుకు నాలుగువ్రేళ్లు పైన నుండెను.

"నాలుగువ్రేళ్లే గదా, అన్నయ్యా" అనెను మఱది. మా వారు యంత్రము ఆపివేసిరి. పిల్ల తల్లి ఒక్కమాటయు ననలేదు, మమ్ము చూచెను. ఆ చూపునకు ఏమి బదులు చెప్పవలెనో మాకు భారతములోను భాగవతములోను దొరకలేదు. గంటన్నర గడచెను. లాంతరు వెలుగున, ఆ పఱుపుపైననే, నూలుపట్టీ పట్టుకొని ఆమె ఆడపిల్లను కనెను. ఆశా కార్యకర్త చేతులు వణకలేదు. మేము వేడినీళ్ల సీసాయు, పాత చీరలును అందించుచుంటిమి. మాయ పడినది గాని నెత్తురు పోవుట మా మనస్సునకు నచ్చలేదు. మా వారు పదిమాఱులు కఱ్ఱ దింపిరి. తెల్లవాఱుజామున నీరు గాటుకు దిగెను. దాటినపిదప తడిసిన బ్రేకులను పాదముతో మెల్లగా నొక్కుచు కొంత దూరము నడపి ఆరబెట్టి, ఘాటు దిగకుండనే పాడేరు ఆసుపత్రికి చేరితిమి. ఇద్దఱును దక్కిరి. నీరు తగ్గకున్నచో ఏమగునో, ముందే దిగియున్నచో ఏమగునో ఈనాటికిని మాకు తెలియదు. ఆ తల్లిచూపు మాత్రము ఇప్పటికిని అప్పుడప్పుడు కలలో వచ్చుచున్నది.

మఱునాడు మఱది ఎవరును చెప్పకయే జీపు క్రింద దూరి, వెనుక ఇరుసు మర విప్పి నూనె చూచెను. నువ్వులనూనెవలె నిర్మలముగా నుండెను. పెద్ద టైర్ల ప్రసక్తి అతడు తిరిగి తేలేదు గాని, చేతితో ఆడించు లాగుడుయంత్రము ఒకటి కొనవలెనని ఇప్పుడు పట్టుబట్టుచున్నాడు. దానికి మేమును ఒప్పుకొంటిమి. రిజిస్ట్రేషను 2027లో మరల పొడిగింపవలెను. ముందు ఎడమచక్రములో ఏదియో గుయ్యిమను ధ్వని వినవచ్చుచున్నది. బేరింగు కావచ్చునని మా వారు. దసరాకు మఱది వచ్చినప్పుడు విప్పి చూడవలెను.