కిరీటము క్రింది ఆవులింత

విజయదశమి మరునాటి సాయంకాలము కాశీలోని నాటీ ఇమ్లీలో భరత మిలాపు జరుగును. రామాదుల స్వరూపములైన బాలురు కూర్చున్న పుష్పక విమానమును యాదవులు భుజములపై మోసికొని సాగుదురు. జనులు చేతులు మోడ్తురు. ఛాయాగ్రాహకుడు మాత్రము వేరొక క్షణమునకై కాచుకొనును: బరువైన కిరీటము క్రింద రాముడు ఆవులించు క్షణమది.

ఆ చిత్రము అబద్ధము కాదు. దేవునిలో దాగిన పిల్లవానిని అది చూపును. కాని ఆ పిల్లవాడు ఆనాడు లోకమునకు చూపదలచినది తన అలసటను కాదు.

గంగ కావలి యొడ్డున, రామనగర రామలీలలో ఛాయాచిత్రములు తీయుట సంప్రదాయముచే నిషిద్ధము. అచట ఆవులింత చూచినవారి కన్నులలోనే కరగిపోవును. ఇచట కాగితముపై నిలుచును. పెద్దవాడైన పిదప ఆ బాలుడు చూచి నవ్వుకొనగల చిత్రమే తీయదగినది.