కొండలు మనకింత దగ్గరా!

అల్లవరంలో పుట్టి పెరిగినవాళ్లకి ఎత్తంటే కొబ్బరిచెట్టు, ఏటిగట్టు, ఆపైన గుడి గోపురం. మా నేలంతా చదును. పంటకాలువలో నీళ్లు ఎటు పారుతున్నాయో కూడా కాసేపు నిలబడి చూస్తేగానీ తెలియదు. నలభై దాటేదాకా ఈ చదును మీదే తిరిగిన నాకు ఈ శీతాకాలంలో ఒక సంగతి తెలిసింది. తెల్లవారుజామున బయల్దేరి, కొండల్లో కడుపునిండా నడిచి, రాత్రి భోజనానికి ఇల్లు చేరొచ్చు! దీనికి హిమాలయాలే పోనక్కర్లేదండీ. అమలాపురం, రావులపాలెం మీదుగా రాజమండ్రి. అక్కణ్ణుంచి రంపచోడవరం దారి పడితే 85 కిలోమీటర్లకి అటూ ఇటూగా మారేడుమిల్లి. ఇన్నాళ్లూ నాకెవరూ ఎందుకు చెప్పలేదని కనిపించినవాళ్లనల్లా నిలదీస్తున్నాను.

మొదట నేనూ మా తోడికోడలూ అమృతధార జలపాతానికి వెళ్లాం. మారేడుమిల్లి నుంచి చింతూరు వెళ్లే ఘాట్ రోడ్డు పక్కన బండి ఆపి అడవిలోకి నడవాలి. నీళ్లు కనపడకముందే చప్పుడు వినిపిస్తుంది. నీళ్లు ఇంత గట్టిగా మాట్లాడతాయని నాకు తెలియదు. మా గోదావరి అంత పెద్దది, కానీ వైనతేయ పాయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసేటప్పుడు కూడా ఇంత హడావుడి చెయ్యదు. ఇక్కడ వేలెడంత ధార కూడా రాతి మీద నుంచి దూకుతూ అడవినంతా లేపుతోంది.

ఆ రోజు నుంచి ఏ కొండకి వెళ్లాలా అని ఎంచుకోవడమే ఒక పండగైపోయింది. ఎంచుకోవడంలో నాకు తెలిసొచ్చిన అసలు గుట్టు ఇదీ: కిలోమీటర్లు చూసి లెక్కేసుకోకూడదు, ఎంత ఎత్తు ఎక్కాలో చూడాలి. మనందరికీ తెలిసిన తిరుమలనే తీసుకోండి. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. దూరంలో రెండోది మొదటిదాంట్లో నాలుగో వంతు కూడా లేదు, మెట్లేమో మూడింట రెండు వంతులు! అలిపిరి దారి మధ్యమధ్య చదునిచ్చి ఊపిరి పీల్చుకోనిస్తుంది. శ్రీవారి మెట్టు అలా కాదు, ఎక్కుతూనే ఉండాలి. మోకాళ్ల నెప్పులున్న పెద్దవాళ్లని "దగ్గర దారి కదా" అని అటు తీసుకెళ్లేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూసుకోవాలి.

విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లోనే దీనికో సూత్రం చెప్పాడట. మన కొలతల్లో చెప్పాలంటే నడకకి 5 కిలోమీటర్లకో గంట, ఎక్కుడుకి 600 మీటర్లకో గంట అదనం. ఎంత సులువుగా ఉందో చూడండి! నేను మాత్రం వచ్చిన జవాబుకి ఇంకో సగం కలుపుతాను. మన ఎండ వేరు, చదునుకి అలవాటుపడ్డ మన పిక్కలు వేరు. దిగడానికీ టైము ఉంచుకోవాలి. అడవిలో చీకటి ఊళ్లోకన్నా ముందే పడుతుంది.

వంజంగి సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పాడేరుకి దగ్గర్లోనే ఆ కొండ. ముందు రాత్రి పాడేరులో ఉండి, ఇంకా చీకటుండగానే ఎక్కాలి. పైకి చేరేసరికి కిందున్న లోయలన్నీ మాయమైపోయి, ఆ చివర నుంచి ఈ చివర దాకా తెల్లటి మబ్బు. మధ్యమధ్య కొండ శిఖరాలు గోదావరి వరదలో మునగని లంకల్లా తేలుతున్నాయి. నేను బిగ్గరగా అరిచాను. పక్కనున్నవాళ్లూ అరిచారు. శీతాకాలం రాత్రుళ్లు చల్లబడి బరువెక్కిన గాలి లోయల్లోకి జారిపోతుంది, అందులోని తేమ మంచుగా మారుతుంది. మనం దానికి పైన ఉంటాం, అంతే కిటుకు. ఎండెక్కితే చెదిరిపోతుంది. అందుకే నవంబరు నుంచి జనవరి దాకానే వెళ్లాలి, అదీ సూర్యుడికన్నా ముందే. అదే కొండకి ఏప్రిల్ మధ్యాహ్నం వెళ్లి "ఏముందిక్కడ" అంటే కొండ తప్పు కాదు.

మాకు తోడొచ్చిన ఊరి కుర్రాడు నా ఆయాసం చూసి, "అక్కా, అడుగు చిన్నది వెయ్యండి, ఆగకండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో కొండ సగమైంది. ఈ దారులు మనకోసం వేసినవి కావు. సంతకి పసుపు, మిరియాలు మోసుకెళ్లేవాళ్ల కాలిబాటలివి. బరువుతో ఎదురొస్తే మనమే పక్కకి తప్పుకోవాలి, ఊరివాళ్లని తోడు తీసుకుని వాళ్లకి తగిన కూలి ఇవ్వాలి, మన సీసాలూ కవర్లూ మన సంచిలోనే వెనక్కి రావాలి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

అక్కడ నడిచాకే చిన్నప్పటి పాఠం ఒకటి నాకు నిజంగా అర్థమైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు దళం వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి చేసింది. పరీక్షకి ఆ తేదీలు బట్టీపట్టాను. ఆ మూడు ఊళ్ల మధ్య ఉన్నవి ఇలాంటి కొండలని, తుపాకులు మోస్తూ వానాకాలంలో వాటిని దాటారని ఇప్పుడు నా కాళ్లకి తెలిసింది. ఒళ్లు జలదరించింది.

ఇంకో అద్భుతం దారి పక్కనే దొరికింది. విరిగిన రాతిలో ఎర్రటి గింజలు మెరుస్తున్నాయి. గార్నెట్ అట. ఖోండలైట్ అనే ఈ రాయి తూర్పు కనుమల్లో చాలాచోట్ల ఉంది. ఎండకీ వానకీ అరిగి, సీలేరులో, శబరిలో పడి, గోదావరిలో కొట్టుకొచ్చి మా డెల్టా మట్టిలో కలుస్తుంది. మన తీరంలో ఇసుక మీద కనపడే నల్లటి చారల్లో ఉన్నవీ ఇలాంటి కొండరాళ్ల ఖనిజాలే. నలభై ఏళ్లుగా నేను కొండల మీదే నడుస్తున్నానన్నమాట, పొడి చేసి పరిచిన కొండల మీద!

ఇక వచ్చే నడక ఎక్కడికన్నదే మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న వాదన. విశాఖలో కిరండూల్ రైలెక్కి, సొరంగాలు దాటి బొర్రా గుహల దగ్గర దిగి, కటికి జలపాతానికి నడుద్దామని తోడికోడలు పట్టు. నాకేమో నల్లమలలో అహోబిలం వెళ్లి, భవనాశిని వాగు పక్కగా జ్వాలా నరసింహుడి దగ్గరికెక్కి, వీలైతే ఉగ్రస్తంభం దాకా పోవాలని ఉంది. అది గట్టి ఎక్కుడు, అందుకని ముందు కటికికే ఒప్పుకునేలా ఉన్నాను. మాతో వచ్చేవాళ్లు పట్టు ఉన్న బూట్లు, మనిషికి మూడు లీటర్ల నీళ్లు తెచ్చుకోండి. పులిహోర మేం తెస్తాం.