తడి వేలు, గాజు కడ్డీ

ఎమిలీ సిమోన్ పాటల విషయంలో నేను చాలా ఏళ్లు పొరబడ్డాను. 'లా మార్ష్ ద లాంపరర్' సినిమాకి చేసిన సంగీతపు ఆల్బంలో ఆమె గొంతు వెనకాల వణుకుతూ సాగే నాదం ఒకటుంది. వేణువు కాదు, వయొలిన్ కాదు. కంప్యూటర్‌లో పుట్టించారనుకున్నాను. అలా అనుకోవడానికి కారణమూ ఉంది. ఆమె పారిస్‌లోని ఇర్కామ్ సంగీత పరిశోధనశాలలో పనిచేసిన గాయని. ఎలక్ట్రానిక్ సంగీతం ఆమెకు కొట్టినపిండి. తీరా ఆరా తీస్తే, అది తడి వేలితో గాజును రాసినప్పుడు పలికే నాదమని తెలిసింది. వాద్యం పేరు క్రిస్టల్ బాషే. వాయించింది తోమా బ్లోక్. దాన్ని రూపొందించిన బాషే సోదరుల వాద్యాలకు నెలవైన వర్క్‌షాప్ పారిస్‌కి దక్షిణాన సాఁ మిషెల్ స్యుర్ ఓర్జ్‌లో ఉందని విన్నాక ఇక ఆగలేకపోయాను.

పారిస్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు మాటసాయానికి వచ్చింది. ఆర్.ఇ.ఆర్. సి లైన్ రైలు దిగి నడిచాం. లోపల అడుగు పెట్టగానే, ఇది వాద్యాలు చేసే చోటా, ఇనుప పువ్వుల తోటా అనిపించింది. రేకుల్ని మడిచి, వంచి, మనిషెత్తున నిలబెట్టారు. వాటి పక్కన ఫైబర్‌గ్లాస్ శంకువులు. కింద సన్నటి తీగలు పిల్లి మీసాల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి. అక్కడివాళ్లు కూడా వాటిని మీసాలనే పిలుస్తారని మా మేనకోడలు చెప్పింది.

అన్న బెర్నార్ బాషే ఇంజనీరు. తమ్ముడు ఫ్రాన్స్వా శిల్పి. దేశాలు తిరిగేటప్పుడు గిటారు మోయడం కష్టమై, గాలి ఊదితే ఉబ్బే గిటారు తయారు చేసుకున్న మనిషి ఈ ఫ్రాన్స్వా. 1952లో ఇద్దరూ కలిసి క్రిస్టల్‌కి రూపమిచ్చారు. ఫ్రాన్స్వా 2014లోనూ, బెర్నార్ 2015లోనూ కన్నుమూశారు. ఒకరికి లెక్క, ఒకరికి ఆకారం. ఆ వాద్యం ముందు నిలబడితే, ఏది ఎవరి పనో విడదీయలేం.

మాకు క్రిస్టల్‌ని చూపించిన పెద్దాయన ముందు చేతులు కడుక్కుని, గిన్నెలో వేళ్లు ముంచారు. గాజు కడ్డీలు హార్మోనియం మెట్లలా వరుసగా ఉన్నాయి. ఒకదాని మీద వేలు మెల్లగా తనవైపు లాక్కున్నారు. నాదం ఎక్కడ మొదలైందో తెలియలేదు, గది అంతా నిండింది. కరెంటు లేదు, స్పీకరు లేదు.

గాజు పలుకుతోందనుకున్నాను. అది సగమే నిజం. ప్రతి గాజు కడ్డీ వెనక మరచుట్లున్న ఒక ఉక్కు కడ్డీ బిగించి ఉంది. స్వరాన్ని నిర్ణయించేది ఆ ఉక్కు పొడవు, బరువు, దాన్ని ఏ చోట బిగించారన్నదీ. వేలి రాపిడికి గాజు కంపిస్తుంది, ఆ కంపనం ఉక్కులోకి, అక్కడి నుంచి బరువైన లోహపు పలకలోకి, చివరికి ఆ రేకులోకి, శంకువుల్లోకి పాకుతుంది. శ్రుతి చేయాలంటే బిగింపు కాస్త జరపాలి, మళ్లీ రాయాలి, మళ్లీ వినాలి. ఆయన ఒక్క స్వరం దగ్గర అలా ఎంతసేపు ఉన్నారో! మేం గదిలో ఉన్నామన్న సంగతే మరిచిపోయారు.

నాకు జలతరంగం గుర్తొచ్చింది. అక్కడా నీళ్లు కావాలి, శ్రుతి కోసం. కానీ పుల్ల తగిలాక నాదం మన చేతిలో ఉండదు, దానంతటది ఆరిపోతుంది. ఇక్కడ వేలు కదిలినంతసేపూ నాదం బతికే ఉంటుంది.

నేను ఆ నాదం విన్న ఆల్బం సంగతికొస్తే, లూక్ జాకే 2005లో తీసిన ఆ సినిమా చక్రవర్తి పెంగ్విన్ల కథ. మగ పక్షి గుడ్డును పాదాల మీద పెట్టుకుని, తిండి లేకుండా, మంచుగాలిలో రెండు నెలలకు పైగా నిలబడుతుంది. ఆ ఓర్పుకి ఇంతకన్నా తగిన వాద్యం ఉందనుకోను. 2006లో ఆ సంగీతానికి ఫ్రాన్స్‌లో విక్త్వార్ అవార్డు వచ్చింది. అమెరికాలో ఆడిన సినిమాలో మాత్రం దాన్ని తీసేసి అలెక్స్ వర్మన్ చేత వేరే సంగీతం చేయించారు. వర్మన్ పనిని తక్కువ చేయను గానీ, ఆ గాజు నాదం లేకుండా ఆ పక్షుల్ని చూసినవాళ్లంటే నాకు నిజంగా జాలి. వింత వాద్యాలంటే ముచ్చట కోసం పెట్టుకునేవని చాలామంది అనుకుంటారు. ఈ ఆల్బంలో పాటకు ఊపిరి అవే.

"మావయ్యా, నిన్ను వాయించమంటున్నారు," అంది మా మేనకోడలు.

వేళ్లు తడుపుకుని కూర్చున్నాను. గట్టిగా నొక్కితే కీచుమంది. భయపడి తేల్చి రాస్తే ఏమీ పలకలేదు. ఆయన నా మణికట్టు పట్టుకుని బరువు తగ్గించారు, వేగమూ తగ్గించారు. అప్పుడు పలికింది. వేలి కింద గాజు సన్నగా జివ్వుమని, ఆ వణుకు మోచేతి దాకా పాకింది. చెవికంటే ముందు చేతికి తెలిసింది స్వరం. ఇన్నేళ్లూ హెడ్‌ఫోన్లలో విన్నది ఇదే.

వేలు ఆరిపోయింది, నాదం తెగింది. ఇంకోసారి అని అడగడానికి మొహమాటపడుతున్నాను. ఆయన ఏమీ అనకుండా నీళ్ల గిన్నె నా వైపు జరిపారు.