దారంతో కొలిచిన గాలిదారి

నాచారంలో ఓ డాబా ఇంటి ముందుగది. టీపాయ్ మీద బడిపిల్లలు వాడే 30 సెంటీమీటర్ల గ్లోబు, పక్కన తెల్లదారం ఉండ. ఇంటాయన సర్వే పనిలో రిటైరైన పెద్దమనిషి. మేం అడిగింది చిన్న ప్రశ్నే: ఉత్తరాన మారుమూల ఉన్న రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎంతో, ప్రయాణం ఎంతసేపో ఎలా తేలుస్తారు?

“గోడపటం మీద స్కేలు పెట్టారో, మోసపోయారే!” అంటూ ఆయన దారం తీశారు.

ఒక కొస నార్వే స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌ఇయర్‌బైన్ మీద. రెండో కొస అలాస్కాలోని బారో మీద. దాని ఇప్పటి పేరు ఉట్కియాగ్విక్. గోడపటంలో ఒకటి నడిమధ్యన, ఒకటి ఎడమ అంచున ఉంటాయి. గ్లోబు మీద బిగించి లాగితే దారం ఉత్తర ధ్రువం పక్కనుంచే పోయింది. పొడవు ఎనిమిది సెంటీమీటర్లు. ఈ గ్లోబు మీద సెంటీమీటరంటే 425 కిలోమీటర్లు కాబట్టి లెక్క 3,400 దగ్గర తేలింది. రెంటి మధ్య నేరుగా ప్రయాణికుల విమానం లేదు.

కిటుకు రేఖాంశాల్లో ఉంది. హైదరాబాద్ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం వెడల్పు సుమారు 106 కిలోమీటర్లు. లాంగ్‌ఇయర్‌బైన్ దగ్గర 23 మాత్రమే. గోడపటం రెంటినీ ఒకే వెడల్పుకు సాగదీసి చూపిస్తుంది. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి చికాగోకు ఎయిర్ ఇండియా నేరుగా విమానం వేసినప్పుడు, అంత ఉత్తరంగా ఎందుకు పోతోందన్న అనుమానానికీ జవాబు ఈ దారమే.

మరి మన తెలంగాణ ఉత్తరం సంగతి? వరంగల్ మామునూరు నుంచి ఆదిలాబాద్‌కు దారం పరిస్తే అర సెంటీమీటరే. గ్లోబు పక్కకు పోయి, అక్షాంశ రేఖాంశాలతో కాలిక్యులేటర్ వచ్చింది. సుమారు 225 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్-72 విమానానికి 27 నిమిషాల దారి. “అది గాల్లో ఉన్న లెక్కండీ. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం కలిపితే గంట రాసుకోండి.” ప్రస్తుతానికి ఈ లెక్క కాగితం మీదే. నిజాం కాలం నాటి మామునూరులో 1981 తర్వాత విమానాలు ఆగిపోయాయి, ఆదిలాబాద్ ఎయిర్‌ఫీల్డ్ వాయుసేనది. రెంటికీ 2025లోనే కదలిక వచ్చింది.

మామునూరును ఇన్నాళ్లు అడ్డుకున్న వాటిలో ఒకటి దూరమే. శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందం ప్రకారం 150 కిలోమీటర్ల గగనతల దూరంలోపు మరో విమానాశ్రయం రాకూడదు. మామునూరు 145 దగ్గర పడింది. అయిదు కిలోమీటర్ల తేడాకు మినహాయింపు అడగాల్సి వచ్చింది.

తిరిగొస్తూ ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ గేటు ముందు ఆగాం. 1767లో మొదలైన ఆ శాఖ వాళ్లు ఈ కొలతల విద్యే ఇక్కడ నేర్పుతారు. 1802లో సర్వేయర్ లాంబ్టన్ మద్రాసులో ఉక్కు గొలుసుతో 12 కిలోమీటర్ల ఆధారరేఖ కొలవడానికి 57 రోజులు పట్టింది. ఏటీఆర్ ఆ దూరాన్ని నిమిషన్నరలో దాటేస్తుంది.

ఉప్పల్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి గాలిదారిన 23 కిలోమీటర్లు. రద్దీ వేళ పుష్పక్ బస్సులో గంట దాటుతుంది.