అతుకు

గద్వాల చీరకు ఒడలు నూలుతో, అంచు పట్టుతో నేస్తారు. స్వభావాలు వేరైన ఆ రెండింటినీ విడిపోకుండా కలపడంలోనే నేతగాని నేర్పు కనబడుతుంది. ఈ సత్యాన్ని జీవితమంతా కొనుగోలుదారులకు వివరించిన ఒక చీరల వ్యాపారి, తన కారు విషయంలో మాత్రం దానిని విస్మరించాడు.

అది అతని తండ్రి కొన్న అంబాసిడర్. ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాను అనుసరించి పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన ఆ కార్లు దశాబ్దాలపాటు మన రహదారులను ఏలాయి. 2014లో వాటి ఉత్పత్తి నిలిచిపోయింది. తండ్రి స్మృతిగా కారును కాపాడుకొంటున్న అతనికి, లండనులో ఉద్యోగం చేస్తున్న కుమారుడు రెండు తోలు సీట్లు, గాలిసంచి ఉన్న ఒక స్టీరింగ్ చక్రం పంపాడు. అక్కడి కార్లకూ మనవలెనే స్టీరింగ్ కుడివైపున ఉండడంచేత అవి చక్కగా అమరుతాయని ఇద్దరూ భావించారు. మనుమరాలి వివాహానికి నాగర్‌కర్నూలు వెళ్లేలోగా కారును ముస్తాబు చేయాలని వ్యాపారి ఉబలాటపడ్డాడు.

వనపర్తిలోని వృద్ధ మెకానిక్ ఆ సీట్లను మెచ్చుకొన్నాడు. వాటికి తలను, మెడను కాపాడే దిండ్లున్నాయి. కారులోని పాత పొడవాటి సీటుకు అవి లేవు. కాని అతడు కారు అడుగు రేకును సుత్తితో తట్టగా తుప్పు జలజల రాలింది.

“సేటూ, సీటు గట్టిదే. దాన్ని పట్టుకొనే రేకే బలహీనం. బండి దేన్నయినా గుద్దితే బోల్టు రేకును చీల్చుకొని వస్తుంది. మనిషి సీటుతో సహా ముందుకు పోతాడు. ఇక గాలిసంచి తనంతట తాను తెరుచుకోదు. దెబ్బను పసిగట్టే సెన్సార్లు, దానికి ఆజ్ఞ ఇచ్చే పరికరం ఉండాలి. అవి ఈ బండిలో ఏవి? పట్టు అంచు ఎంత బాగున్నా, అతుకు ఊడితే చీర నిలుస్తుందా?”

వ్యాపారి మౌనం వహించాడు. తాము వెళ్లవలసిన దారి అతని మనసులో మెదిలింది. ఎర్రవల్లి చౌరస్తా దాటి, బీచుపల్లి వద్ద కృష్ణను దాటి సాగే ఆ జాతీయ రహదారి మీదనే, కొత్తకోట సమీపంలోని పాలెం వద్ద, 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున ఒక బస్సు కల్వర్టును ఢీకొని దగ్ధం కాగా 45 మంది ప్రాణాలు కోల్పోయారు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసిన సంగతీ మెకానిక్ అతనికి గుర్తుచేశాడు.

సీట్ల కోసం దాచిన సొమ్ము అడుగు రేకు మరమ్మతుకు, బ్రేకులకు, ముందు కూర్చునే ఇద్దరి బెల్టులకు ఖర్చయింది. పాత సీటు అలాగే ఉండిపోయింది. దానికి తలదిండు లేని లోపం తీరలేదు. అందుకే వ్యాపారి వేగాన్ని తగ్గించుకొన్నాడు; ముందు సీటులో ముగ్గురు ఇరుక్కొని కూర్చునే పాత అలవాటునూ మాన్పించాడు. పెండ్లివారు కొంత ఆలస్యంగానైనా క్షేమంగా నాగర్‌కర్నూలు చేరారు.

విదేశీ సీట్లలో ఒకటి ఇప్పుడు అతని అంగడిలో ఉంది. వచ్చిన వృద్ధులను దానిలో కూర్చుండబెట్టి, చీరను విప్పి, అంచును వేళ్లతో లాగి చూపుతూ అతడంటాడు: “రంగు తరువాత చూడవచ్చు తల్లీ, ముందు అతుకు చూడండి.”