బదులు పలుకు తావులు

వేసవి సెలవులు సమీపించుసరికి మా యింట ఒక మహాసభ కొలువుదీరును. సభ్యులందఱును తలలు వంచి చేతి ఫోనులలోనికి చూచుచుందురు. "పిల్లలకు సరదాగా ఉండాలి, కాస్త సాహసంగా కూడా ఉండాలి, ఏసీ ఉండాలి, కారు లోపలిదాకా పోవాలి" అను నాలుగు షరతులను ఒక్కపెట్టున తీర్చు దివ్యక్షేత్రమేదో భూమండలమున కలదని వారి దృఢవిశ్వాసము. సాహసమునకును కారు నిలుపు చోటికిని ఇంతటి గాఢమైత్రి ఎప్పుడు కుదిరినదో నాకు తెలియదు. పిల్లలనడుగువారు లేరు, నన్నడుగువారు అసలే లేరు. పిల్లలా సమయమున మంచము క్రింద దూరి, నాలుగు వైపులను దుప్పట్లు వ్రేలాడదీసి, అదియొక గుహయని నిశ్చయించుకొని, ఒక మూలనుండి మఱొక మూలకు ఒకరినొకరు వింతగొంతులతో పిలుచుకొనుచుందురు. సభవారు ఆ వైపు ఒక్కమాఱు చూచినచో తీర్మానము అప్పుడే అయిపోయెడిది.

తుదకు తీర్మానింపబడునది నగరపు పొలిమేరలోని యేదో ఒక వినోదోద్యానము. ప్రవేశమునకొక చీటి, మణికట్టునకొక కాగితపు పట్టీ, పట్టీకి తగినంత పొడవైన వరుస, ఆ వరుస తుదినొక మహాయంత్రము. అందులో బిడ్డ చేయవలసిన పని కూర్చుండుట మాత్రమే. ఇనుపకడ్డీ వాని యొడిలోనికి దిగును, యంత్రము వానిని తలక్రిందులు చేయును, నియమితకాలము తీఱగానే దింపి మఱియొకని నెక్కించుకొనును. వాడు కేక వేసినను యంత్రమునకొక్కటే, కన్నులు మూసికొని మిన్నకున్నను ఒక్కటే. నేను పాతకాలపువాడను గనుక యంత్రమన్నచో గిట్టదని తలపవలదు. నా చిన్ననాట మా యూరి తిరునాళ్లలో రంగులరాట్నముండెడిది. దానికి చెక్కగుఱ్ఱములుండెడివి. దానినొక బక్కపలుచని మనుష్యుడు తన భుజబలముతో త్రిప్పెడివాడు. రాట్నము నెమ్మదించుచుండగా మేమందఱమును ఏకకంఠముగా "మామా, ఇంకొక్క చుట్టు!" అని మొఱపెట్టినచో వాడు రొప్పుచునే, నవ్వుచునే, ఇంకొక చుట్టు త్రిప్పెడివాడు. మా కేకకు లోకము కదలెడిది. పిల్లలనెక్కడికి తీసికొనిపోవలెనను ప్రశ్నకు నా సమాధానమంతయు ఆ యదనపు చుట్టులోనే యున్నది. వారొక చప్పుడు చేసినచో బదులు పలుకు తావునకు తీసికొనిపోవలెను.

అయినను, వినోదోద్యానములపై నాకు గల క్రోధమంతయు తాత్త్వికమైనదని బొంకనేల? దానికి మూలము పులిహోర. ఒక యేడు అట్టి యొక యుద్యానపు ద్వారమున, పేరేల, అన్నింటిదియు నొకే తీరు, కాపలావాడు మా సంచి విప్పించెను. మా యింటి యిల్లాలు తెల్లవాఱకమున్నే లేచి, చింతపండు పులుసును నువ్వులనూనెతో చిక్కబడునట్లుడికించి, వేరుసెనగపప్పు, మినపప్పు, ఎండుమిరప, ఇంగువ, కఱివేపాకు పోపు పెట్టి, పసుపన్నమున కలిపి, అరటియాకులలో పొట్లములు గట్టి, పైని కాగితము చుట్టి, దారముతో బిగించినది. వాడా పొట్లమును రెండు వ్రేళ్లతో పైకెత్తి, "బయటి తిండి లోపలికి రానివ్వం పెద్దాయనా. రూలు" అనెను. "ఇంట్లో చేసిందే నాయనా" అంటిని. "అదే, బయటిదే" అనెను. వాని ప్రక్కనున్న బల్లపై అప్పటికే పదియిండ్ల వంటలు ఖైదు చేయబడియుండెను. స్టీలు డబ్బాలో ఇడ్డెనలు, చక్కిలములు, ఉప్పుకారము చల్లిన మామిడిముక్కలు, ఎవరిదో పెరుగన్నము. లోపల అమ్మునదేమనగా, రెండు రొట్టెముక్కల నడుమ చల్లారిన బంగాళదుంప యుండ. దాని వెల చెప్పి చదువరులను నొప్పింపను. మేము వెనుదిరిగి, కార్లు నిలుపు చోట, రేకుల నీడన, బానెట్టుపై ఆకులు విప్పి, నిలుచుండియే తింటిమి. మా మనుమరాలు ఆ దినమున ఎక్కిన యంత్రములలో ఒక్కదాని పేరైనను ఇప్పుడు చెప్పలేదు. బానెట్టుపై పులిహోర తిన్న కథ మాత్రము ఇంటికి వచ్చినవారికందఱికిని చెప్పును.

పులిహోరకు ప్రయాణము కావలెను. పొయ్యి దిగిన వెంటనే తినునది సగము పులిహోర. ఆకులో కట్టబడి, సంచిలో అదుముకొని, రెండు మూడు గంటలు కుదుపులు తిని, పులుపు మెతుకు మెతుకునకును ఇంకి, ఆకు వాసన అన్నమునకు పట్టిన పిమ్మటగాని దానికి యుక్తవయస్సు రాదు. గోదావరివారు ఆవ పెట్టుదురు. పెట్టనిండు, నాకు వారితో వైరము లేదు, కాని పిల్లల ముక్కులు మండించుట ప్రయాణధర్మము కాదు. కార్తికమాసపు వనభోజనములలో ఈ ధర్మము మాకు బాగుగ తెలిసియుండెడిది. ఉసిరిచెట్టున్న తోట వెదకుకొని పోయెడివారము. పెద్దలు నేల త్రవ్వి గాడిపొయ్యి వేయుచుండగా పిల్లలకు పుల్లలేరుకొని వచ్చు పని ఒప్పగించెడివారు. తడిపుల్ల తెచ్చినవాని పుల్ల పొగ చిమ్మెడిది, ఎండుపుల్ల తెచ్చినవాని పుల్ల భగ్గుమనెడిది. ఎవని పుల్ల యేదియో వానికి తెలియును గనుక, అన్నముడుకుట వాడు తన ఘనకార్యముగా చూచుచు కూర్చుండెడివాడు. ఇప్పటి వనభోజనములకు క్యాటరింగువాడు వ్యానులో వచ్చి, ప్లాస్టికు కుర్చీలు పఱచి, ఉసిరిచెట్టునకు షామియానా త్రాడు కట్టిపోవుచున్నాడు. పిల్లలకచ్చట పని లేదు. కావుననే వారు ఇంటికెప్పుడు పోదమని అడుగుచుందురు. సరే, గోలకొండకు వత్తును.

బాలాహిసార్ ద్వారము కడ గుమ్మటము క్రింద నిలిచి చప్పట్లు చఱచినచో, ఆ చప్పుడు దాదాపొక కిలోమీటరు దూరమున, కొండకొమ్మున నున్న మంటపమున వినవచ్చునన్న సంగతి తెలియనివారుండరు. శత్రువు రాకను పైవారికి తెలుపుటకై కుతుబ్‌షాహీల కాలమునాటి వాస్తుశిల్పులు చేసిన యేర్పాటిది. ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట 1687లో లోపలివాడొకడే తలుపు తెఱవగా ఔరంగజేబు సేనలు ప్రవేశించినవందురు గనుక, ఆ రాత్రి మాత్రము చప్పట్లు కొట్టువాడు లేకపోయెను. ఇప్పటి జనులు చేయునదేమి? కుటుంబమంతయు గుమ్మటము క్రింద గుమిగూడి, ఒకేమాఱు చప్పట్లు కొట్టి, నెత్తిపైని మ్రోత విని, ఫోటో తీసికొని, అందఱును కలిసి పైకెక్కుదురు. పైకి పోయిన చప్పుడును విన్నవాడెవడు? ఆ వేడుకకు రెండు జట్లు కావలెను. నేను మా మనుమని వాని తల్లితో క్రిందనే నిలిపి, మూడువందలకు పైబడిన మెట్లకు నా మోకాళ్లనర్పించి, నడుమ రామదాసు బందీఖానాలో కంచెర్ల గోపన్న చెక్కెననబడు మూర్తులను చూచు నెపమున కొంత విశ్రమించి, ఎట్టకేలకు పైకి చేరి, ఫోనులో "కొట్టరా" అని, ఫోను చెవినుండి దింపితిని. మఱుక్షణమున, ఎండుటాకు విఱిగినంత సన్నగా, టప్, టప్, టప్ అని వచ్చినది. వినబడినదంటిని. వాడు నమ్మలేదు. "ఎన్ని కొట్టానో చెప్పు తాతయ్యా" అనెను. మూడనగానే ఫోను తల్లి చేతిలో పడవేసి గంతులు వేసెనట. ఆ పిమ్మట ఏడు కొట్టెను, అయిదు కొట్టెను, నన్ను మోసగింపదలచి కొట్టకయే కొట్టితిననెను. గుమ్మటము క్రిందికి రావలసిన యాత్రికులు విసుగుకొనుచున్నారని కోడలు మొఱపెట్టువఱకు ఆ పరీక్ష సాగెను.

సాలార్‌జంగు మ్యూజియములో వ్యవహారము తలక్రిందులు. అచ్చటి గడియారము, కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీవారిది, తానే పిలుచును. గంట పూర్తియగుటకు కొన్ని నిమిషములు ముందుగా ఒక గడ్డపు మరుగుజ్జు తలుపు తెఱచుకొని వెలికివచ్చి, వేళకు సరిగా గంట కొట్టి, మఱల లోనికి పోవును. పన్నెండింటికి దాని ముంగిట జనసందోహము చూడవలెను. దంతపు కుర్చీలను, మేలిముసుగు రెబెక్కాను చూచుచు ఆవులించిన బిడ్డలు సయితము అచ్చట ముందువరుసకు దూరుదురు. వాడు కొట్టుచుండగా సభయంతయు బిగ్గఱగా లెక్కించును. వానికి బదులు పలుకునది ఈ జనమే.

విశాఖపట్టణమునుండి ఉదయమున అరకు మీదుగా కిరండూల్‌కు పోవు రైలు సంగతి విడిచిపెట్టుట ధర్మము కాదు. బైలదిలాలోని ఇనుపరాయిని రేవునకు చేర్చి జపానుకు పంపుటకై 1960ల దశకమున వేసిన మార్గమిది. పిల్లల గోలకై వేసినది కాదు. అయినను, ఆ దారిలోని 58 సొరంగములకును అంతకంటె మేలైన ప్రయోజనమున్నదని నేననుకొనను. బండి సొరంగమున దూరగానే ఒక పెట్టెలో ఎవడో "ఓ" యని మొదలిడును, తక్కిన పెట్టెలవారందుకొందురు, రాతిగోడ దానిని పెద్దది చేసి కిటికీలోనికి విసరును. వెలుతురు రాగానే అందఱును ఏమియు నెఱుగనట్లు వేరుసెనగకాయలు ఒలుచుకొందురు. ఈ నడుమ కొండల యందము చూచుటకని అద్దాల పెట్టె యొకటి తగిలించిరి. అందులో అద్దములు తెఱచుకొనవు. కేక వేసినవానికి తన కేకయే వినబడును. కొండలు బాగుగ కనబడునట. బొర్రా గుహలు ఆ దారిలోనివే, గొప్పవే, కాని అందులోని ఊటరాళ్లకు ఎఱుపు, పచ్చ, నీలము దీపములు పెట్టి పెండ్లిపందిరి చేసిరి గనుక నేనక్కడ నిలువను.

నా హృదయము బెలూం గుహలయందున్నది. నంద్యాల జిల్లాలో కొలిమిగుండ్ల చెంత, చదునైన చేల నడుమ, కొండ యన్నది పైన లేకుండ, నేలలో గొయ్యి తీసినట్లు మెట్లు దిగిపోవును. మన వసారాలలో పఱచిన నల్లని నాపరాళ్లు ఆ చుట్టుప్రక్కలవే: బేతంచెర్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల గనులవి. బొగ్గుపులుసు వాయువు కలిసిన నీరు ఆ సున్నపురాతిని లక్షల యేండ్లుగా కఱగించి, లోపల 3,229 మీటర్ల పొడవున దారులు తొలిచినది. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1884లో వీనిని గూర్చి వ్రాసెను. పిమ్మట దాదాపు నూఱేండ్లు లోకము మఱచియుండగా 1982, 83లలో డానియెల్ గెబావర్ అను జర్మనీవాడు తన జట్టుతో దిగి కొలతలు తీసెను. 2002లో జనులకు తెఱచిరి. చూడనిచ్చునది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. అట్టడుగున, నేలమట్టమునకు 46 మీటర్ల లోతున, పాతాళగంగ యను సన్నని ధార రాతిలోనికి దూరి కనుమఱుగగును. సప్తస్వరముల గుహ యనునది వేఱొకటున్నది. మార్గదర్శకుడు అచ్చట వ్రేలాడు రాతిని వ్రేలి కణుపులతో తట్టెను, కంచుపళ్లెము మ్రోగినది. మా మనుమరాలు చెంప రాతికానించి, "లోపలెవరున్నారు?" అని యడిగెను. ఆ యూరివాడే యగు ఆ మనుష్యుడు ఏమాత్రము నవ్వక, "ఎవరూ లేరమ్మా, నీళ్లు తొలిచి వెళ్లిపోయినాయి" అనెను. ఆ పిల్లకు దొరకిన విజ్ఞానశాస్త్రపు పాఠములలో అంత పొట్టిదియు అంత సరియైనదియు నేను వినలేదు.

మేమొక ఇఱుకుదారిలో నుండగా కరెంటు పోయెను. అంతటి చీకటిని నగరపు పిల్లలెఱుగరు. వారికి నిదురలో సయితము ఏదో యొక ఎఱ్ఱదీపము వెలుగుచునే యుండును. ముందునుండి ఎవరో ఒక పేరు పిలిచిరి, వెనుకనుండి "ఆఁ" యని వచ్చినది, మఱొకరు మఱొకరిని పిలిచిరి, గుహ ప్రతి పేరును రెండుమాఱులు చెప్పెను. ఇంతలో పెద్దలందఱును ఫోనుల దీపములు వెలిగించి ఆ చీకటిని చంపిరి. "ఆర్పేయండి, ఆర్పేయండి" అని మా మనుమడు మొత్తుకొనెను. ఎవరును ఆర్పలేదు. పెద్దలకు భద్రతయనిన ప్రీతి. ఆ ప్రీతిని నేను తప్పుపట్టను, కాని రెండు నిమిషములు తాళినచో ఏమి పోయెడిది?

విశాఖ సముద్రతీరముననున్న కురుసుర జలాంతర్గామి నా సిద్ధాంతమునకు లొంగదు. అది ఏమియు పలుకదు; 1969 మొదలు 2001 వఱకు నౌకాదళమున పనిచేసి, ఇప్పుడు ఇసుకపై మౌనముగా నున్నది. అయినను 91 మీటర్ల ఆ యినుపగొట్టమున గుండ్రని ద్వారములలో పెద్దలు నడుము వంచి దూరవలసిన చోట పిల్లలు చులకనగా దాటిపోవుదురు గనుక దానికిని మార్కులు వేయుచున్నాను.

పోదలచినవారికి నాలుగు మాటలు. గోలకొండలో బిడ్డను ఎవరితోనైనను క్రింద నిలిపి మీరే మెట్లెక్కుడు, ఎండ ముదరకమున్నే ఎక్కుడు. వానిని వెంట లాగుకొనిపోయినచో క్రింద చప్పట్లు కొట్టువాడుండడు. అరకు రైలులో అద్దాల పెట్టెకు టిక్కెట్టు కొనవలదు. బెలూమునకు పలుచని నూలుబట్టలు కట్టుకొని పోవుడు, లోపల మిక్కిలి ఉక్క. సాలార్‌జంగు మ్యూజియమునకు శుక్రవారము సెలవు.