కామా తర్వాత ఎన్ని స్పేసులు?

ఆ అమ్మాయి మా టీమ్‌లో చేరిన రెండో వారం, తను రాసిన మొదటి కోడ్ రివ్యూకి వచ్చింది. నూట ఇరవై లైన్లు. వాటి మీద ముప్పై ఎనిమిది కామెంట్లు. కామా తర్వాత స్పేస్ లేదని ఒకటి, సింగిల్ కోట్స్ ఎందుకు వాడావని ఒకటి, లైను పొడుగైందని నాలుగు, ఫంక్షన్ల మధ్య ఒక్క ఖాళీ లైనే వదిలావని ఇంకోటి. నిజంగా లెక్క తప్పిన చోటొకటి ఉంది. అక్కడ మాత్రం ఎవరం ఏమీ అనలేదు. అది అందరి కళ్ళూ దాటి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం టీ దగ్గర మెల్లగా అడిగింది, "నాకు ప్రోగ్రామింగ్ రాదనుకుంటున్నారా అందరూ?" అని. ఏదో సర్దిచెప్పాను. ఇంటికెళ్ళాక చూసుకుంటే ముప్పై ఎనిమిదిలో పదకొండు నావే. ఒక్కటి కూడా ప్రోగ్రామ్ గురించి కాదు. అన్నీ నా అలవాట్ల గురించి.

మర్నాడు మీటింగులో అన్నాను, ఈ పని మనుషులు మానేద్దాం, మెషీన్‌కి ఇద్దామని.

పైథాన్ ఎలా రాస్తే బాగుంటుందో చెప్పే పెప్ 8 అనే పత్రం 2001 నుంచీ ఉంది. లైను 79 అక్షరాలు దాటొద్దంటుందది. ఆ అంకె వెనక 1928లో ఐబీఎం తెచ్చిన 80 గడుల పంచ్ కార్డు నీడ ఇంకా ఉంది. కానీ పెప్ 8 సలహా మాత్రమే. సలహా అన్నాక ఎవరికి అర్థమైనట్టు వాళ్ళు చెప్తారు, తర్వాత దాన్ని పట్టుకునే కొట్లాడుకుంటారు. 2018లో వచ్చిన బ్లాక్ అలా కాదు. మీరెలా రాసినా సరే, రన్ చేయగానే తన పద్ధతిలోకి మార్చేస్తుంది. నల్లదైతే చాలు, ఏ రంగు కారైనా ఇస్తామన్నట్టు హెన్రీ ఫోర్డ్ పేరు మీద చెప్పుకునే పాత మాటుంది కదా, దాని పేరులో ఆ మొండితనమే ఉంది.

మనం మార్చుకోవడానికి అది వదిలిన సెట్టింగులు చాలా తక్కువ. అందులో ముఖ్యమైనది లైను పొడవు. అదేమీ చెప్పకపోతే 88 అనుకుంటుంది. 88 ఏంటి, 100 ఎందుకు కాదు, నా మానిటర్‌కి 120 హాయిగా సరిపోతుంది... ఆ ఒక్క అంకె మీద గంట మీటింగు జరిగింది. కొట్లాటలు ఆపడానికి పెట్టుకున్న సాధనంలో కొట్లాడుకునే సందు ఒక్కటుంటే మేమందరం అందులోనే దూరాం. చివరికి 100కి ఒప్పుకున్నాం. గో భాష వాళ్ళ గోఎఫ్ఎమ్‌టీ అయితే ఆ సందు కూడా ఇవ్వదు. లైను పొడవు సంగతి పట్టించుకోదు, ఇండెంటుకి ట్యాబులే వాడుతుంది, అంతే. అదెంత తెలివైన పనో ఆ రోజు అర్థమైంది.

ఒక శుక్రవారం సాయంత్రం అందరూ వెళ్ళాక రన్ చేశాను. నాలుగు వందల ఫైళ్ళు కళ్ళముందే మారిపోయాయి. ఒకే కమిట్, నా పేరు మీద. సోమవారం ఏదో చూద్దామని గిట్ బ్లేమ్ కొట్టాను. ఏ లైను ఎవరు రాశారో చెప్పే కమాండ్ అది. ఏ పేజీ తిప్పినా నా పేరే. ఆరేళ్ళు ఆ కోడ్ రాసిన మా సీనియర్ అప్పటికే బెంగళూరు వెళ్ళిపోయారు. సగానికి పైగా ఆయన చేత్తో రాసిందే. రాత్రికి రాత్రి ఆయన కష్టమంతా నా పేరు మీదికి మారింది. ఒక్క స్పేస్ జరిపినందుకు నాకు దక్కిన ఆస్తి.

దానికి విరుగుడుంది. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచీ, ఫలానా కమిట్లను లెక్కలోకి తీసుకోవద్దని బ్లేమ్‌కి చెప్పొచ్చు. ఆ కమిట్ నంబరు ఒక ఫైల్లో రాసి, కాన్ఫిగ్‌లో ఆ ఫైలు పేరిస్తే చాలు. పది నిమిషాల పని. ఆయన పేరు తిరిగొచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

రెండు నెలలు బాగానే గడిచాయి. రివ్యూల్లో కామాల గొడవ పోయింది. తర్వాత కరెంటు బిల్లుల రేట్లు మారితే ఆ టేబుల్ నేనే మార్చాను. ఏ యూనిట్ నుంచి ఏ యూనిట్ దాకా, యూనిట్‌కి ఎన్ని పైసలు, అవీ వరసలు. ఇద్దరు సీనియర్లు చూసి సరే అన్నారు. మూడో మనిషిగా ఆ అమ్మాయి చూసింది. ఒకే ఒక్క కామెంటు పెట్టింది: "ఇక్కడ 95 ఉంది, 950 కావాలేమో?"

కావాల్సింది 950యే. అలాగే బయటికి వెళ్ళుంటే చిన్న చిన్న షాపులవాళ్ళకి పదో వంతు బిల్లు వచ్చేది. తర్వాత బకాయిలంటూ ఒకేసారి మీద పడేది.

ఎలా మిస్సయ్యానా అని పాత వెర్షన్ తీసి చూశాను. మా సీనియర్ ఆ టేబుల్‌ని స్కేలు పెట్టి గీసినట్టు రాశారు. స్పేసులు పెట్టి పెట్టి, ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు వచ్చేలా. అందులో 95 ఉంటే ఊడిన పన్నులా కనిపించేది. బ్లాక్ ఆ స్పేసులన్నిటినీ ఒక్కొక్కటికి కుదించేసింది. దానికవి అదనపు స్పేసులు. పెప్ 8కీ అలా పేర్చడం నచ్చదు.

ఆయనకి ఫోన్ చేశాను. "అన్నా, మీ స్టైల్ మొత్తం నేనే పాడు చేశాను" అన్నాను. నవ్వారు. "మిగతాదంతా నా అలవాటే, మార్చుకోండి, నాకేం బాధ లేదు. అది మాత్రం అలవాటు కాదు, పట్టిక" అన్నారు.

పాత కమిట్ నుంచి ఆ వరుస తెచ్చి, కొత్త అంకెలతో మళ్ళీ పేర్చాను. పైన ఎఫ్ఎమ్‌టీ ఆఫ్ అని, కింద ఎఫ్ఎమ్‌టీ ఆన్ అని కామెంట్లు పెడితే మధ్యలో ఉన్నదాన్ని బ్లాక్ ముట్టుకోదు. అదీ ఆ మొండి మెషీన్‌లోనే ఉంది. నేనే ఆ వాక్యం చదవలేదు.

మా తాతయ్య ఉత్తరాల్లో గుఱ్ఱానికి బండి ఱ ఉండేది. నేను "వొక" అని రాస్తే కొందరు ఎడిటర్లు "ఒక" చేస్తారు, కొందరు వదిలేస్తారు. తెలుగుకీ ఇలాంటి ఫార్మాటర్ ఉంటే ఎంత హాయి అని ప్రూఫులు చూసేటప్పుడు చాలాసార్లు అనుకున్నాను. ఇప్పుడు అంత ధైర్యం లేదు. బ్లాక్ మార్చడానికి ముందూ తర్వాతా ప్రోగ్రామ్ నిర్మాణం ఒకటేనా కాదా అని పోల్చి చూస్తుంది, తేడా వస్తే ఆగిపోతుంది. అంత జాగ్రత్త పడ్డాక కూడా ఒక మనిషి కంటి కోసం పేర్చిన అర్థం దాని లెక్కలోకి రాలేదు. మన వాక్యాలకి ఆ పోల్చి చూసే పని ఎవరు చేస్తారు?

అయినా ఫార్మాటర్ తీసేద్దామని మాత్రం అనను. ఆ అమ్మాయికి ఇప్పుడు కామాలు చూసే పని లేదు కాబట్టే అంకెలు చూసింది.

ఆ టేబుల్ పైన ఆయన రాసిన కామెంట్ ఒకటుంది. మాటలు తెలుగువే, అక్షరాలు ఇంగ్లీషువి. "ఇది కదిలించే ముందు నాకు ఫోన్ చెయ్యండి." బ్లాక్ అందులో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. హ్యాష్ గుర్తు తర్వాత ఒక స్పేస్ పెట్టింది, అంతే.